అడవిని దారి చేసుకున్నాం

శ్రీశైలానికి పడమటి ద్వారం మా అలంపూర్. ఉత్తర ద్వారం అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. ఎటు నుంచి బయల్దేరినా చివరికి నల్లమలలో అడుగుపెట్టాల్సిందే. వెనకటివాళ్లు నడిచి వెళ్లేవాళ్లు గనక అడవికి భయపడేవాళ్లు, మొక్కేవాళ్లు. మనం కార్లలో పోతున్నాం. మన్ననూర్ దాటామంటే ఘాట్ ఎప్పుడు అయిపోతుందా అన్నదే ఆలోచన. అడవి మన లెక్కలో శ్రీశైలం రోడ్డు, అంతే.

2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు ఊరుకోలేదు, నిజమే. ఊళ్లు కదిలాయి, సెప్టెంబరులో శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానించింది. గర్వపడాల్సిన సంగతే. కాకపోతే, అప్పుడు ఎదుట ఉన్నది పరాయివాళ్లు గనక గొంతెత్తడం సులువైంది. పాడుచేసేది మనవాళ్లే అయితే నోరు రాలేదు.

ఆ రోడ్డు మీదే ఫరహాబాద్ దగ్గర కారు నెమ్మదిస్తే చాలు, కోతులు అద్దం దాకా వచ్చేస్తాయి. పండూ చిగురూ వెతుక్కునే జీవాలకు బిస్కెట్ ప్యాకెట్ చింపడం నేర్పింది మనం. పిల్లలు ముచ్చటపడుతున్నారని అద్దం దించాం. పైగా పుణ్యమనుకున్నాం.

ఇదే అడవిలో చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. ‘వస్తున్నాం లింగమయ్యా’ అనుకుంటూ లోయలోకి దిగుతాం. నిండు ఎండాకాలంలోనూ గుండంలోకి పైనుంచి చల్లటి నీళ్లు పడుతుంటాయి. అయినా చేతిలో నీళ్ల బాటిల్ ఉండాల్సిందే. తిరిగి ఎక్కేటప్పటికి అది ఖాళీ, బరువే ఉండదు. అదైనా మోయలేక రాళ్ల సందులో దోపి వస్తాం. పక్కవాడు పారేస్తుంటే చూస్తాం, దేవుడి దగ్గర గొడవెందుకని తల తిప్పుకుంటాం. ఇంత జనంలో నా ఒక్కడి బాటిల్‌తో ఏమవుతుందిలే అని ఆ జనంలో అందరూ అనుకున్నారు.

శ్రీశైలం జలాశయంలో కూడవెల్లి ఊరు మునిగేటప్పుడు అక్కడి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటే, పోయేదాన్ని ఎలాగోలా నిలబెట్టుకోవచ్చన్న ధీమా కలుగుతుంది. ఆ ధీమాయే మనల్ని చెడగొట్టిందేమో. గుడిని తెచ్చుకున్నామే గానీ, కూడవెల్లి ఊరిని తెచ్చుకోలేదు. ఊరు పోయిన దుఃఖం ఊరివాళ్లకే వదిలేశాం. సలేశ్వరం లోయ పాడైతే తెచ్చి పెట్టుకోవడానికి గుడి కూడా కాదది.

సలేశ్వరం ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులోంచి చెంచుల గూడేలను, అంటే పెంటలను, బయటికి తరలించాలన్న మాట వచ్చినప్పుడల్లా, అడవి మంచికేగా అని ఊరుకున్నాం. సలేశ్వరం లింగమయ్యకు పూజ చేసేది ఆ చెంచులే. తరతరాలుగా అక్కడే బతుకుతున్నవాళ్లు ఉండాలా, పోవాలా అని మాట్లాడుకున్నాం. ఏడాదికోసారి వేలమందిమి వెళ్లి చెత్త వేసి వచ్చే మన మాట మాత్రం ఆ చర్చలోకి రానివ్వలేదు.