కష్టంలో పక్కన నిలబడ్డవాడే కాపరి

సంఘ కమిటీ ఎన్నికలు వస్తే మన పల్లెల్లో సందడే సందడి. సెక్రటరీ ఎవరు, ట్రెజరర్ ఎవరు, కానుకల పెట్టె తాళంచెవి ఎవరి మొలకు వేలాడాలి అన్నదే చర్చ. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. జొరమొచ్చి మంచాన పడ్డ ముసలమ్మ గడప వీళ్లలో ఎవరు తొక్కారు? కూలి ఎగ్గొట్టిన ఆసామిని నిలదీయడానికి కూలోళ్ల వెంట ఎవరు నడిచారు? చర్చి పెద్దకు ఉండాల్సిన అర్హత అక్కడ తేలాలి. గొంతు పెద్దదనో, తెల్లచొక్కా మడత నలగదనో పెద్దరికం కట్టబెట్టకూడదు.

ఇది మేము కొత్తగా పుట్టించిన మాట కాదు. మన చర్చిల చరిత్రలోనే ఉంది.

1860లలో ఒంగోలు సీమ మాదిగ పల్లెలకు సువార్తను మోసుకుపోయినవాడు యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. కాలినడకన ఊరూరూ తిరిగి తనవాళ్ల మధ్య కూర్చుని మాట్లాడాడు. జాన్ క్లౌ దొర పేరు అందరికీ తెలుసు. ఆ దొరకు మన పల్లెల దారి చూపించిన పేరయ్య పేరు ఎందరికి తెలుసు?

1876-78లో ధాత కరువు వచ్చింది. జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడు క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపించాడు. సంఘ బోధకులే అక్కడ మేస్త్రీలయ్యారు. పగలు పని చూశారు, పొద్దుగూకాక జనంలో కూర్చుని ధైర్యం చెప్పారు. అన్నిటికన్నా గొప్ప సంగతి ఇంకొకటి ఉంది. కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తీస్మాలు ఆపేశారు. కూటి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని! గింజలకు మతం అమ్ముకున్నారని మనల్ని ఎద్దేవా చేసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తీస్మం పొందారు. ఇచ్చింది దొర కాదు. ఆరుగురు మనదేశపు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు.

జనం ఎందుకు వచ్చారు? ఆకలినాడు విడిచిపోని మనుషుల్ని చూశారు గనక వచ్చారు.

మరి ఇవాళ? పాస్టర్లందరినీ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. రేకుల ఇంట్లో ఉంటూ, అర్ధరాత్రి కాన్పు నొప్పులంటే ఆటో పిలుచుకొచ్చే పాస్టర్లు పల్లెల్లో ఉన్నారు. వాళ్లకు మా దండాలు. కానుకలప్పుడు కనిపించి కష్టమప్పుడు మాయమయ్యేవాళ్లూ ఉన్నారు. గొడవ జరిగితే 'ప్రార్థన చేద్దాం' అని తప్పుకుంటారు. ప్రార్థన వద్దని మేము అనం. ప్రార్థన చేసిన నోటితోనే తాసీల్దారు ముందు, ఎస్సై ముందు కూడా మాట్లాడమంటున్నాం. తోడేలు వచ్చిననాడే కాపరి ఎవరో, జీతగాడెవరో తెలుస్తుందని యేసు ఉపమానం నేర్పలేదా?

తోడేళ్లు మనకు కొత్త కాదు. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను నరికారు. ప్రాణాలు అరచేత పట్టుకుని ఒకరు చీరాలకు, ఒకరు తెనాలికి పరుగెత్తారు. ఆ బాధితుల్లో ఆదివారం ఆదివారం చర్చికి పోయేవాళ్లూ ఉన్నారు. నరికేవాడు కులమే చూశాడు. చట్టం మాత్రం మతం చూస్తుంది. 1950 ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు గానీ క్రైస్తవుల్ని చేర్చలేదు. క్రైస్తవం స్వీకరించినవారికి అట్రాసిటీ చట్టం రక్షణ లేదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో దెబ్బలు తిన్నామన్నది ఒక పాస్టరే. కాపరికే గొడుగు లేకపోతే మందకు ఎక్కడుంటుంది? అందుకే ఒకరికొకరం గొడుగు కావాలి.

చర్చి లోపలా కులం కూర్చుని ఉంది. కతోలిక బిషప్పుల సమాఖ్యే 2016లో దళిత విధానం ప్రకటిస్తూ ఈ సంగతి ఒప్పుకుంది. 2022లో పూల ఆంథోనీ గారు మొదటి దళిత కార్డినల్ అయ్యారు. 2013లో ఇ. పుష్పలలిత గారు నంద్యాలలో దక్షిణ ఇండియా సంఘానికి మొదటి మహిళా బిషప్ అయ్యారు. సంతోషమే. అయితే మన పల్లె చర్చిలో మాల మాదిగ తేడాలు పోయాయా? ఇంటింటికీ తిరిగి రోగుల్ని, తాగుబోతు మొగుళ్ల చేతిలో దెబ్బలు తిన్న ఆడకూతుళ్లను ఓదార్చేది మన అక్కలూ అమ్మలే. కమిటీలో వాళ్లకు కుర్చీ వేశామా?

కాబట్టి అన్నలారా, అక్కలారా! ఈసారి ఓటు అడగ వచ్చినవాణ్ణి మూడు మాటలు అడగండి. చావుకు, జబ్బుకు వచ్చావా? పోలీసు స్టేషనుకు మా వెంట వస్తావా? కానుకల లెక్క సంఘం ముందు చదువుతావా? అలాగే మనం కూడా ఒక పని చెయ్యాలి. మన కోసం నిలబడ్డ పాస్టరు పొయ్యిలో పిల్లి పడుకోకుండా చూసుకోవాలి. ఆయన మీదికి పెత్తందారు వస్తే పల్లె పల్లంతా లేవాలి.

ఆదరించేవాణ్ణి నిలుపుకుందాం. అదిలించేవాణ్ణి దించేద్దాం.

జై భీమ్!