తెరమీది తెలుగు, చీటీమీది తెలుగు

సంఘపు సభ్యపట్టికకును, విద్యార్థి వేతనముల లెక్కకును, మన వర్తకుల చీటీలకును ఉపయోగపడునట్టి కంప్యూటరు ప్రోగ్రామొకటి మన యువకులచేతనే వ్రాయింపవలెనని కొంతకాలముగా సభ్యులలో ప్రసంగము నడచుచున్నది. సంకల్పము మంచిదే. కాని శ్రమ తగ్గునని తెరమీద నంతయు ఇంగ్లీషులోనే యుంచి, మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు కూడ ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనిన చాలునని కొందఱు మిత్రులు వాదించుచున్నారు. ఈ వాదమును నేను అంగీకరింపజాలను. భాషాభిమానము ఒక కారణమే, కాని వర్తకునకు లెక్క ముఖ్యము. లక్ష్మమ్మ యను నొక్క పేరును మన గుమాస్తాలు ఇంగ్లీషులో నాలుగు విధములుగా వ్రాయుదురు. ప్రోగ్రాము దృష్టిలో వారు నలుగురు లక్ష్మమ్మలు. కాలప్పయు కాళప్పయు ఇద్దఱు మనుష్యులు. ఇంగ్లీషు అక్షరములలో బడినంతనే ఒక్కడగుదురు. ఇక వారి బాకీలు ఎవరిపై వ్రాయవలెను?

మన స్థితి ఆంధ్రదేశమందలి వారి స్థితి వంటిది కాదు. కురుడుమలె మొదలు ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట వఱకు మన యిండ్లలో మాట తెలుగు, పిల్లల బడిలో చదువు కన్నడము. సరిహద్దు దాటి పుంగనూరు, పలమనేరుల నుండి సరకు తెచ్చు రైతు తెలుగు లిపి చదువును. మన ఊరి రైతు అదే తెలుగు మాటలాడుచు కన్నడ లిపి చదువును. ఇరువురును ఒకే మండీలో ఒకే పూట పెట్టెలు దింపుదురు. 15 కిలోల టమోటా పెట్టెలు ఎన్ని, ధర యెంత, కూలి యెంత, కమీషను ఎంత అను సంగతి తాను చదువుకొనగలిగిన అక్షరములలో నున్నప్పుడే రైతునకు చీటీమీద నమ్మకము కుదురును. ఇంగ్లీషు చీటీని పట్టుకొని పొరుగువాని కొడుకు చేత చదివించుకొను రైతు మఱుసటి పంటకు ఆ మండీకే వచ్చునని ఎవ్వరును చెప్పలేరు.

కావున ప్రోగ్రాము రెండు లిపులలోను పనిచేయవలెనని నా మతము. ఇది అసాధ్యమైన కోరిక కాదు. ప్రపంచ లిపులన్నిటికిని సంఖ్యలు కేటాయించిన యూనికోడు పట్టికలో తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు, కన్నడమునకు 3200 మొదలు 3327 వఱకు స్థానములు గలవు. తెలుగు ‘క’ సంఖ్య 3093. కన్నడ ‘క’ సంఖ్య 3221. భేదము సరిగా 128. మిక్కిలి యక్షరములకు ఇదే భేదము. ఒకే వంశమునకు చెందిన లిపులని పెద్దలు చెప్పు మాటకు ఈ పట్టికయు సాక్ష్యమే. దంత్యములగు ౘ, ౙ లకు కన్నడమున స్థానములు లేవు గనుక అట్టివానికి వేఱు ఏర్పాటు చేయవలెను. తక్కినది కూడికతో తీరును. మన మాటను కన్నడ లిపిలో చూపుట తెలుగునకు ద్రోహమని ఒక పెద్దమనుష్యులు నాతో నొచ్చుకొనిరి. వారిపట్ల నాకు గౌరవము గలదు. కాని కన్నడ లిపిలోనైనను తెలుగు మాటను చదువు పిల్లవాడు, ఆ మాటనే మఱచి ఇంగ్లీషు చదువు పిల్లవానికంటె మనకు దగ్గఱివాడు. మీట యొకటి నొక్కిన అదే పేరు తెలుగు లిపిలో ప్రక్కనే కనబడును గదా.

ఇట్టి ప్రోగ్రామును వ్రాయువారు తెరమీది మీటలు, పెట్టెలు, జాబితాలు మొదలుగా అన్నిటిని తామే గీయరు. తలుపులు కిటికీలు సిద్ధముగా దొరకు వడ్రంగి దుకాణమువంటి పనిముట్ల కట్టలు గలవు. వానిలో కొన్ని ప్రసిద్ధములు: బర్కిలీ విశ్వవిద్యాలయమున ఔస్టర్‌హౌట్ అను ఆచార్యుడు నిర్మించిన టీకే, 1992లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున జూలియన్ స్మార్టు ఆరంభించిన డబ్ల్యుఎక్స్, చిత్రములు దిద్దు గింప్ అను ప్రోగ్రాము కొఱకు పుట్టి తరువాత స్వతంత్రమైన జీటీకే, నార్వే దేశమున నిర్మాణమై 1995లో వెలువడిన క్యూటీ. ఒకసారి వ్రాసిన ప్రోగ్రాము విండోసుమీదను, లినక్సుమీదను, ఆపిల్ యంత్రముమీదను పనిచేయవలెనన్నదే వీని యుద్దేశము. మన ఊరి సోమేశ్వరాలయమున ఒక భాగమును జకణాచారియు, ఒక భాగమును అతని కుమారుడు డంకణాచారియు చెక్కిరని చెప్పుదురు. చేతులు వేఱని శిల్పము చూచినవారికి తెలియును. లోన వెలసిన స్వామి యొక్కడే. ప్రోగ్రాము కూడ అట్లే యుండవలెను.

అయితే ఇంగ్లీషునకు సరిపోయిన తలుపు తెలుగునకు సరిపోదు. ఇంగ్లీషు అక్షరములు వరుసగా నిలబడును. తెలుగున ‘స్త్రీ’ యను నొక్క అక్షరమునకు స, పొల్లు, త, పొల్లు, ర, ీ అని ఆఱు సంకేతములు యంత్రమున నుండును. వానిని కూర్చి ఒత్తులను క్రిందికి, గుడిని పైకి చేర్చి ఒక రూపము గావించు యంత్రాంగము వేఱుగా నుండవలెను. లినక్సునందు హార్ఫ్‌బజ్ అనునది ఈ పనిచేయును. జీటీకే పాంగో ద్వారా దానినే వాడును, క్యూటీ కూడ దానినే వాడును. విండోసున పూర్వము యూనిస్క్రైబు, తరువాత డైరెక్ట్‌రైటు. ఆపిల్ వారిది కోర్‌టెక్స్టు. ఇది ఎంత సున్నితమైన పనియో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచినది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని యొక సంకేతము, దీర్ఘము ఈ వరుసలో చేరి ‘జ్ఞా’గా మాఱినంతనే ఐఫోనులలో సందేశములు చూపు ప్రోగ్రాములు కూలిపోయెను, ఆపిల్ సంస్థవారు ఆ మాసము 19వ తేదీన 11.2.6 సంచికను విడుదలచేసి సరిదిద్దిరి. జ్ఞానమునకు మొదటి యక్షరమే వారికి విఘ్నమైనది! కురుడుమలె వినాయకునకు మ్రొక్కి యారంభించిన మనము కూడ ఆ యక్షరముతోనే పరీక్ష మొదలుపెట్టుట మంచిది.

నేను ప్రోగ్రాములు వ్రాయువాడను కాను. కాని కొన్ని సంవత్సరముల క్రింద నా మండీకై బెంగుళూరు నుండి యొకరు చీటీల ప్రోగ్రాము చేసియిచ్చిరి. వారి యంత్రముమీద తెలుగు ముత్యములవలె నుండెను. నా దుకాణపు పాత యంత్రముమీద కొన్ని పేర్లు చతురస్రములుగా, కొన్ని ప్రశ్నార్థకములుగా, కొన్ని ఒత్తులు విడిపోయి కనబడెను. ‘మీ కంప్యూటరు మంచిది కాదు’ అనిరి. నేను ఊరకుండక మన యువకుల నిద్దఱిని కూర్చుండబెట్టి ఒక్కొక్క దోషమునకు కారణము వెదకించితిని. ఆ శోధనయందు తెలిసినది మన క్రొత్త ప్రోగ్రామునకు పనికివచ్చును గనుక వివరముగా వ్రాయుచున్నాను.

చతురస్రము కనబడినచో ఫాంటు లేదని యర్థము. విండోసు ఎక్స్‌పీతో గౌతమి, 7తో వాణి, 8 నుండి నిర్మల ఫాంట్లు వచ్చినవి. లినక్సు యంత్రములలో తెలుగు ఫాంటు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. యంత్రమున నున్నదానిని నమ్ముట కంటె, తిరుమల కృష్ణదేశికాచార్యులవారు రూపొందించిన పోతన వంటి ఉచితమైన ఫాంటును, గూగులువారి నోటో తెలుగును ప్రోగ్రాముతోపాటే చేర్చి యిచ్చుట క్షేమము. ప్రశ్నార్థకములు కనబడినచో అది ఫాంటు దోషము కాదు; వ్రాసిన మాట దస్త్రములో చేరునప్పుడే చెడినది. విండోసున పాత పద్ధతి సంకేతపట్టికలలో తెలుగునకు స్థానమే లేదు. దస్త్రమును తెరచునప్పుడు యూటీఎఫ్-8 అని స్పష్టముగా చెప్పనియెడల పైథాన్ వంటి భాషలు విండోసున ఆ పాత పట్టికనే పట్టుకొనుట గలదు, లినక్సున అట్లు జరుగదు. అందుచేతనే వ్రాసినవాని లినక్సుమీద బాగుండి కొన్నవాని విండోసుమీద పాడగును. ఒత్తులు విడిపోయి పొల్లు కనబడినచో కూర్పు జరుగలేదని గ్రహింపవలెను. కళాశాలలలో పిల్లలు మొదట నేర్చు టీకేయొక్క 8.6 సంచిక లినక్సుమీద ఈ కూర్పు చేయదు. ఎన్ని ఫాంట్లు మార్చినను ఫలము లేదు. పనిముట్ల కట్టనే మార్చవలెను.

ఒత్తుల అడుగు తెగిపోవుట మఱియొక జబ్బు. ‘క్ష్మ’, ‘ష్ట్ర’ వంటివి వరుసక్రిందికి చాల దిగును. ఇంగ్లీషును చూచి మీటకు ఇంత యెత్తని సంఖ్యగా నిర్ణయించినవారి చేతిలో మన లక్ష్మికి పాదములుండవు. ఫాంటు కొలత నడిగి దానినిబట్టి యెత్తు నిర్ణయించు పద్ధతి అన్ని కట్టలలోను గలదు, వాడుటయే లేదు. వెడల్పు సంగతియు నంతే. ఇంగ్లీషులో నాలుగక్షరముల ఆజ్ఞ మనకు ‘భద్రపఱచుము’ అగును.

వీనికంటె మోసకరమైనది వెదకుట. ‘రాజ్‌కుమార్’ అని వ్రాయునప్పుడు జకారపు పొల్లు నిలుచుటకు కనబడని సంకేతమొకటి మధ్య చేర్చుదురు. ఒకరు చేర్చి, ఒకరు చేర్పక వ్రాసినయెడల కాలప్ప, కాళప్పల కథ తలక్రిందగును: ఒకే మనుష్యునకు రెండు ఖాతాలు. ‘ై’ గుణింతమునకు కూడ యూనికోడున రెండు విధములు గలవు, ఒకే సంకేతముగాను, రెండు ముక్కలుగాను. వెదకుటకు ముందు వీనినన్నిటిని ఒక్క రూపమునకు తెచ్చు నాలుగు పంక్తులు వ్రాయనివాడు ఇంగ్లీషువాని దోషమునే తెలుగున మఱల తెచ్చినవాడగును.

ఇక చీటీ అచ్చు. దుకాణములందలి చిన్న వేడికాగితపు ప్రింటర్లు తమలోని యక్షరములనే అచ్చువేయును; వానిలో తెలుగు లేదు. తెరమీద సరిగా నున్న చీటీని ఒక బొమ్మగా మార్చి పంపవలెను. కొంచెము ఆలస్యమగును, అంతే. నా ప్రోగ్రాము చేసినవారు ఈ మాట చెప్పక ‘ప్రింటరుకు తెలుగు రాదు’ అని చేతులెత్తిరి.

ఏ కట్టను ఎన్నుకొనవలెను? నా యోటు క్యూటీకి. దానిని 2009 నుండి, అనగా 4.5 సంచిక మొదలు, ఎల్‌జీపీఎల్ అను ఉదారమైన నిబంధనపై రుసుము లేకుండ వాడుకొనవచ్చును. ఆ నిబంధనలను చదివి పాటింపవలెననుట వేఱే చెప్పనక్కఱలేదు. కాని ఒక చిక్కున్నది. దాని 6వ తరము విండోసు 10 కంటె పాతవానిపై నడువదు. మన దుకాణములలో ఇంకను 7వ విండోసు యంత్రములు పెక్కు గలవు, వానికి 5.15 సంచికయే గతి. మైక్రోసాఫ్టువారు 2020 జనవరిలోనే 7వ దానికి సంరక్షణ మానినారు గనుక, బాకీల పద్దులుంచిన అట్టి యంత్రమును ఇంటర్నెట్టునకు తగిలింపకుండుట మేలు. బ్రౌజరునే కడుపులో దాచుకొనివచ్చు ఎలక్ట్రాన్ వంటి పద్ధతులలో తెలుగు అందముగానే కనబడును, కాని పాత యంత్రములు ఆ బరువు మోయలేవు. ఫోనే చాలదా యని యడుగువారు తెల్లవాఱుజామున మండీలో అరగంట కూర్చుండి, ఫోనుమీద నూఱు చీటీలు వ్రాసి చూపవలెను.

ఒకసారి వ్రాసిన చాలునన్న మాటను కూడ పూర్తిగా నమ్మరాదు. వ్రాత యొక్కటే, కట్టి యిచ్చుట ఒక్కొక్క యంత్రజాతికి వేఱు. విండోసు కొఱకు విండోసుమీదనే మూటకట్టవలెను. క్రొత్త యంత్రమున ‘ప్లాట్‌ఫారం ప్లగిన్ దొరకలేదు’ అని ఇంగ్లీషులో నొక వాక్యము చూపి ప్రోగ్రాము ఆగిపోవుట క్యూటీ వాడువారందఱు ఎఱిగినదే. వ్రాసినవాని యంత్రమున నున్న సహాయదస్త్రము మూటలో చేరకపోవుటయే మిక్కిలి తఱచుగా దానికి కారణము. విండోసు కొఱకు వానిని సమకూర్చు విండిప్లాయ్‌క్యూటీ అను పనిముట్టు క్యూటీతోనే వచ్చును. కావున ఏమియు స్థాపింపని యంత్రముమీద పరీక్షింపని మూటను మన సంఘము స్వీకరింపరాదు.

2001 ఫిబ్రవరి 28న బంగారుగనులు మూతబడిన పిమ్మట మన కుటుంబముల పిల్లలనేకులు ఉదయపు రైలులో బెంగుళూరునకు పోయి ఇట్టి పనులే పరుల కొఱకు చేయుచున్నారు. వారిలో ముగ్గురు ఆదివారములు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంఘమువారును, ఇతర తెలుగు స్వచ్ఛందసేవకులును లినక్సు తెరలకు తెలుగు మాటలు కూర్చియున్నారు. వాడుకలోనికి వచ్చిన ఆ మాటలను మనము వాడుకొని, మండీమాటలను మాత్రము మనవి చేర్చిన చాలును. ‘కమీషను’, ‘హమాలీ’, ‘పెట్టె’ అను మాటలను మార్చి సంస్కృతము తెచ్చిపెట్టవలదని ఆ యువకులను ఇప్పుడే కోరుచున్నాను.

వర్తక సోదరులు తమ దుకాణమున నున్న యంత్రము ఏ విండోసుదో, ప్రింటరు ఏ జాతిదో, తమ ఖాతాదారులలో తెలుగు చదువువారెందఱో, కన్నడము చదువువారెందఱో ఒక కాగితముమీద వ్రాసి సంఘ కార్యాలయమున ఇచ్చినయెడల పని మొదలగును. దానితోపాటు తమ పద్దులలోని మిక్కిలి క్లిష్టమైన పేర్లు పదింటిని కూడ వ్రాసి యిండు. నా వంతుగా జ్ఞానమ్మను, లక్ష్మీనృసింహయ్యను ఇప్పటికే ఇచ్చియున్నాను.