నడుస్తాడా, నడవడా?

తాటిచెట్టు మీది నుంచి పడిన గీత కార్మికుని వార్త పత్రికలో నాలుగు వరుసలకు మించి రాదు. మోకు జారింది, మెడకు తీవ్రంగా గాయమైంది, వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి తరలించారు. అంతటితో వార్త ముగుస్తుంది. ఇంటివారి కష్టం అక్కడే మొదలవుతుంది. పెద్దవంగర, తొర్రూరు, కొడకండ్ల ప్రాంతాలలో గీత వృత్తిని నమ్ముకున్న కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆసుపత్రి వరండాలో కూర్చున్న భార్య, అన్నదమ్ములు అడిగేది ఒక్కటే: “సారూ, మళ్ళ నడుస్తడా?”

ఈ ప్రశ్నకు తరచు రెండు జవాబులు వినిపిస్తుంటాయి. దేవుని మీద భారం వేయండి అన్నది ఒకటి. ఆపరేషన్ చేస్తే లేచి నడుస్తాడు, డబ్బు చూసుకోండి అన్నది మరొకటి. మొదటిది నమ్మి మనిషిని తెచ్చి మంచాన వేసి ఊరుకున్న ఇళ్ళున్నాయి. రెండోది నమ్మి ఉన్న ఎకరం అమ్ముకున్న ఇళ్ళూ ఉన్నాయి. నిజమైన జవాబు ఈ రెంటికీ నడుమ ఉంటుంది. అది చాలావరకు మొదటి వారంలోనే తెలుసుకోదగినది. తెలుసుకోవడమే కాదు, ఇంటివారికి తెలియజెప్పడం కూడా వైద్యంలో భాగమే.

మెడలో ఏడు పూసలు, వాటి లోపల వెన్నుపాము. పూస విరగడం వేరు, వెన్నుపాము నలగడం వేరు. విరిగిన పూసను పట్టీలతో, మరలతో బిగించవచ్చు. నలిగిన వెన్నుపామును కుట్టే ఆపరేషన్ లేదు. దాని మీది ఒత్తిడిని తీసివేసేందుకే ఆపరేషన్. అది ఎంత త్వరగా జరిగితే, సాధ్యమైతే తొలి 24 గంటలలో జరిగితే, అంత మేలని నేటి వైద్యుల అభిప్రాయం.

పడిన రోజున ఎవరూ జోస్యం చెప్పరాదు. అప్పుడు వెన్నుపాము దిమ్మెరపోయి, ఒళ్ళు తోటకూర కాడలా వాలిపోయి ఉంటుంది. మూడు రోజులు, అనగా 72 గంటలు గడిచాక చేసే పరీక్ష నమ్మదగినది. దానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక సూది, కొంచెం దూది, ఓపిక ఉన్న డాక్టరు చాలు. మెడ నుంచి కాలి వరకు ఎక్కడ దూది తాకిడి తెలుస్తున్నదో, ఎక్కడ సూదిమొన తెలుస్తున్నదో, ఏ కండరం ఎంత కదులుతున్నదో చూస్తారు. చివరకు మలద్వారం దగ్గర స్పర్శ ఉన్నదా, బిగించగలడా అని కూడా చూడాలి. ఇది సిగ్గుపడి వదిలివేయవలసిన పరీక్ష కాదు. అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. వెన్నుపాము చిట్టచివరి నరాలు అక్కడికి చేరుతాయి గనుక, అక్కడ ఏ కొంచెం తెలిసినా వెన్నుపాము పూర్తిగా పోలేదన్నమాట.

దీనిని బట్టి ఎ, బి, సి, డి, ఇ అని అయిదు మెట్లుగా రాస్తారు. ఈ పద్ధతికి పునాది 1969లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి వైద్యులు వేశారు. ఎ అంటే కింది చివర వరకు స్పర్శ లేదు, కదలిక లేదు. ఇలాంటి వారిలో నూటికి డెబ్బై, ఎనభై మంది ఆ మెట్టు మీదనే ఉండిపోతారు. బి అంటే స్పర్శ ఉన్నది, కదలిక లేదు. వీరిలో సూదిమొన గుర్తుపట్టగలిగిన వారికి నడిచే ఆశ ఎక్కువ, దూది మాత్రమే తెలిసిన వారికి తక్కువ. కొంత కదలిక ఉన్న సి మెట్టు వారిలో యాభై ఏళ్ళ లోపు వారు ఎక్కువమంది నడకకు వస్తారు. డి వారి సంగతి సరే, దాదాపు అందరూ నడుస్తారు. ఎం.ఆర్.ఐ.లో వెన్నుపాము లోపల రక్తం కనబడితే మంచి గుర్తు కాదు. వాపు మాత్రమే ఉంటే కొంత నయం.

2011లో ఐరోపా వైద్యులు లాన్సెట్ పత్రికలో ఇంకా తేలిక లెక్క చెప్పారు. తొలి పదిహేను రోజులలో అయిదు సంగతులు చూస్తే చాలునట: వయస్సు అరవై అయిదు లోపా పైనా, మోకాలు చాచే బలం, పాదం కిందికి నొక్కే బలం, మోకాలి వద్ద స్పర్శ, మడమ వద్ద స్పర్శ. ఏడాది తరువాత ఇంట్లో తనంత తాను నడవగలడా లేదా అన్నది వీటితో చాలావరకు తేలుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని వారాలకు కాళ్ళు ఉన్నట్టుండి ఎగురుతాయి. “కాలు కదిలింది” అని ఇల్లంతా సంబరపడి పసరు వైద్యుని దగ్గరకు పరుగెత్తుతారు. ఆ ఎగరడం చాలాసార్లు బిగుసుకున్న కండరం తనంత తాను చేసేది. చెప్పినప్పుడు బొటనవేలు కదిపితేనే అది కదలిక. అలాగే ముఖం బోర్లా పడిన పెద్దవారిలో కాళ్ళు ముందు కోలుకొని చేతులు వెనుకబడడం కద్దు. వేళ్ళు అన్నిటికంటె ఆలస్యం. అది చూసి భయపడనక్కరలేదు.

నడక ఒక్కటే ప్రశ్న కూడా కాదు. మణికట్టు పైకి లేపగలిగితే వేళ్ళు వాటంతట అవే ముడుచుకుంటాయి, ఆ పట్టుతో గ్లాసు పట్టవచ్చు. మోచేయి చాచగలిగితే మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి తానే జరగవచ్చు. ఎ మెట్టు వారికి సైతం ఏడాదిలో చేతిలో ఒక మెట్టు బలం రావడం పరిపాటి. తన బువ్వ తాను తినడానికీ, ఇంకొకరు తినిపించడానికీ తేడా ఎంతటిదో మంచాన పడ్డవారికే తెలుసు. కోలుకోవడంలో ఎక్కువ భాగం తొలి ఆరు, తొమ్మిది నెలలలోనే జరుగుతుంది గనుక ఆ నెలలు వృథా పోరాదు.

ఇంత లెక్కా చెట్టు కిందనే తారుమారు కావచ్చు. చంకలు, కాళ్ళు పట్టి ఎత్తి ఆటోలో కుదేస్తే బి కావలసినవాడు ఎ అవుతాడు. పడినవానిని లేపి కూర్చోబెట్టవద్దు, నీళ్ళు తాగించవద్దు, మెడ సవరించవద్దు. తల కదలకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకొని 108కి ఫోను చేయాలి. తప్పనిసరి అయితే నలుగురు కలిసి, తల, ఒళ్ళు ఒకే దుంగలా తిప్పి, తలుపు చెక్క మీదికి చేర్చి, తలకు రెండు పక్కల చుట్టిన తువ్వాళ్ళు ఆనించాలి.

ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం కిట్ల పంపిణీ ప్రారంభించింది. మంచిదే. పడకుండా కాపాడే తాడు ఎంత అవసరమో, ఇదివరకే పడినవారికి సరైన మాట చెప్పడమూ అంతే అవసరం. మూడో రోజు పరీక్ష జరిపి, ఏ మెట్టో కేసు షీటు మీద రాసి, తెలుగులో ఇంటివారికి వివరించాలని ఆసుపత్రులకు ఆదేశం ఉండాలి. శాశ్వత వైకల్యం తేలితే ఎక్స్‌గ్రేషియా వస్తుంది గనుక ఆ కాగితం విలువ వేరే చెప్పాలా? 2016లో మండల కేంద్రమైన పెద్దవంగర వంటి చోటికి వారానికొకసారి ఫిజియోథెరపిస్టు రావడం అసాధ్యమేమీ కాదు.

నడవడని తేలినవానిని వదిలివేయడం అన్నిటికంటె పెద్ద తప్పు. 1944లో స్టోక్ మాండెవిల్‌లో గుట్‌మన్ అనే వైద్యుడు ప్రత్యేక విభాగం తెరిచేవరకు ఇలాంటివారు ఎక్కువగా పోయింది వెన్ను దెబ్బతో కాదు, పడక పుండ్లతో, మూత్రం చెడి. రెండు గంటలకొకసారి పక్క మార్చడం, మూత్రాన్ని వేళకు గొట్టంతో తీయడం ఇంటివారు నేర్చుకోగలిగినవే. మనవారు వైద్యానికి వెళ్ళే రాయవేలూరులోనే పనిచేసిన డాక్టర్ మేరీ వర్ఘీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని కాళ్ళలో కదలిక కోల్పోయారు. చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు, ఇలాంటి రోగుల పునరావాస విభాగాన్ని నడిపారు. ఆమెకు 1972లో పద్మశ్రీ వచ్చింది.