మెట్రో సరే, మాచర్ల బండి మాటేమిటి?

ఈ వారం కూడా నలుగురు చేరిన చోటల్లా విజయవాడ మెట్రో ముచ్చటే. మొదటి దశ 38.4 కిలోమీటర్లు, 2024లో వేసిన అంచనా 11,009 కోట్లు. కట్టుకోండి, కాదన్నదెవరు? రాజధాని ప్రాంతమంటే బెజవాడ ఒక్కటేనా అన్నదే నా బాధ. గుంటూరు పెద్దాసుపత్రికి తెల్లవారుజామున బయల్దేరే రెంటచింతల ముసలమ్మ, గుంటూరు కొట్టులో పనిచేసే సత్తెనపల్లి కుర్రాడు ఎవరి లెక్కలోకీ రాలేదు.

మన పల్నాడుకి స్తంభాల మీద రైలు అక్కర్లేదు, పట్టాలు నేల మీద ఎప్పటినుంచో ఉన్నాయి. నల్లపాడు దాటాక ఒక దారి నరసరావుపేటకి, ఇంకోటి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల మీదుగా మాచర్లకి. కరెంటు లైనూ వచ్చింది. కావలసింది గంటగంటకీ మెమూలు, అంటే కరెంటు లోకల్ బళ్లు. వాటికి ఇంజను తిప్పి తగిలించే పని లేదు, ప్రతి స్టేషన్లో ఆగినా చప్పున వేగం అందుకుంటాయి.

అడ్డమల్లా ఒంటి లైను. సిమెంటు గూడ్సు కోసం, ఎదురొచ్చే ఎక్స్‌ప్రెస్ కోసం పక్కన నిలబెట్టే ప్యాసింజరును నమ్ముకుని ఎవరూ ఉద్యోగం చేయలేరు. నడికుడి మీదుగా పోయే గుంటూరు-బీబీనగర్ లైను 239 కిలోమీటర్ల డబ్లింగుకి 2023లో కేంద్రం ఒప్పుకుంది. ఆ రెండో లైను కూడా గూడ్సులకే పంచేస్తే మనకి ఒరిగేదేమీ లేదు. లోకల్ బళ్ల వేళలు ఇప్పుడే ఖాయం చేయించుకోవాలి. ఆలస్యమైతే ఏమవుతుందో హైదరాబాదును చూస్తే తెలుస్తుంది. అక్కడి ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2003లో, అప్పటికే ఉన్న పట్టాల మీదే మొదలైంది. రెండో దశ 2012-13లో మంజూరైతే సనత్‌నగర్-మౌలాలి మార్గం తెరిచేసరికి 2024 మార్చి. ఆ దశకి మూడింట రెండు వంతుల డబ్బు రాష్ట్రం పెట్టాలి, మిగతాది రైల్వే. ఆ వాటాల పేచీలోనే ఏళ్లు కరిగిపోయాయి.

అసలు మంట ఇంకోటుంది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేట కేంద్రమైంది. కలెక్టరాఫీసులో ఒక అర్జీ ఇవ్వడానికి మాచర్ల రైతు ఇప్పటికీ బస్సుల్లో నలగాల్సిందే. నడికుడి-శ్రీకాళహస్తి లైనులో పిడుగురాళ్ల-శావల్యాపురం ముక్క పూర్తయింది. శావల్యాపురంలో బండి దిశ మార్చుకుంటే నరసరావుపేట పక్కనే, మెమూకి అదొక పనే కాదు. కోట్లు పోసి వేసిన లైను మన జిల్లా మనుషుల్ని మన జిల్లా కేంద్రానికి చేర్చకపోతే ఎందుకు?

ఎర్రుపాలెం-అమరావతి-నంబూరు లైనుకి 2024 అక్టోబరులో అనుమతి వచ్చింది. అది పూర్తయ్యే నాటికి మాచర్లలో ఎక్కినవాళ్లు అమరావతిలో దిగేలా ఉండాలి. మన ఎంపీగారూ, ఎమ్మెల్యేలూ పార్టీలు పక్కనపెట్టి గుంటూరు రైల్వే డివిజన్‌కి ఉమ్మడిగా ఒక లేఖ రాయండి. మాచర్ల-నరసరావుపేట మెమూనే మొదట అడగండి.