తండ్రి నాటిన తోట



గడచిన మాసమున మా అన్నగారు నాకొక కాగితము పంపిరి. మా పుట్టినింటి మామిడితోటను ఇండ్లస్థలములుగా విభజించి విక్రయించుటకు నా చేవ్రాలు కావలెనట. 2005వ సంవత్సరపు చట్టసవరణ వలన పూర్వికుల యాస్తిలో ఆడుబిడ్డలకును సమభాగము కలిగినది గదా! అన్నగారిది దురాశయని నేననను. వారికి అప్పులు కలవు. కుమార్తె వివాహము దగ్గరపడినది. అయినను ఆ బావియు, మా తండ్రిగారు నాటిన ఆ చెట్లును కన్నులకు గట్టినట్లై నా కలము కదలలేదు. అది చూచి మావారు, బడిపిల్లలకు చెప్పుటకై తాము చదివిన యొక వృత్తాంతమును నాకు వినిపించిరి. దానిని మీకును విన్నవించెదను.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున వియర్ వారి పొలమని యొకటి కలదు. 1882లో జూలియన్ ఆల్డెన్ వియర్ అను చిత్రకారునకు అది లభించిన విధము వింతయైనది. చిత్రపటములు సేకరించు నొక ధనికుడు తన 153 ఎకరముల పొలమును ఒక చిత్రపటమునకును పది డాలర్లకును ఆయనకిచ్చివేసెను. వియర్ అచట సేద్యము చేయించుచు, ఆ రాతిగోడలను, కొట్టములను, చెట్లను, తన యింటివారిని చిత్రించుచు ముప్పదియేండ్లకు పైగా ఆ నేలతో మెలగెను. తన చిత్రమునకు లభించిన బహుమాన ద్రవ్యముతో 1896లో చెరువొకటి త్రవ్వించెను. మన పెద్దలు సప్తసంతానములని చెప్పిన వానిలో తటాకము, వనము, కృతి యను మూడును ఆయన కచటనే సమకూరినవి.

1919లో ఆయన గతించెను. పిమ్మట ఆ పొలమును నిలిపినవారిలో ముఖ్యులు స్త్రీలే. ఆయన కుమార్తెలు ముగ్గురు. వారిలో డొరతీ తానును చిత్రకారిణియై, తండ్రి గృహమును, చిత్రశాలను చెదరనీక కాపాడి, ఆయన లేఖలను కూర్చి జీవితచరిత్ర వ్రాసెను. ఆమె 1947లోను, శిల్పియగు ఆమె భర్త 1957లోను మరణించిరి. తరువాత ఆ యిల్లు స్పెరీ ఆండ్రూస్, డోరిస్ ఆండ్రూస్ అను చిత్రకార దంపతుల వశమయ్యెను. చుట్టును భూమి వెలలు హెచ్చి క్రొత్త యిండ్లు లేచుచుండగా, ప్రక్కపొలమున నివసించుచున్న కడపటి కుమార్తె కోరా 1969లో తన భూమిలో 37 ఎకరములను ప్రకృతి సంరక్షణ సంస్థ యొకదానికి దానము చేసెను. డోరిస్ ఇరుగుపొరుగు వారిని కూడగట్టి, అధికారుల వాకిండ్లు త్రొక్కి, ఏండ్ల తరబడి పాటుపడెను. రాష్ట్రప్రభుత్వము కొంత భూమిని కొనెను. తుదకు 1990లో అమెరికా చట్టసభ దానిని జాతీయ చారిత్రక స్థలముగా నిర్ణయించెను. నేడచటికి ఎవరైనను పోవచ్చును. చిత్రము వ్రాయదలచిన వారికి రంగులును కాగితములును ఉచితముగా నిత్తురట. 2020లో ఆ దేశపు ఇరువదియైదు సెంట్ల నాణెముపై ఈ పొలమును స్మరించి, బయలున చిత్రము వ్రాయుచున్న కళాకారుని బొమ్మను ముద్రించిరి.

ఇందు మనము గమనింపదగినది యొకటి కలదు. ఆ పొలము సంపూర్ణముగా నిలువలేదు. కొంత చేయి జారినది. అందు ఇండ్లును లేచినవి. ఉద్యానముగా నిలిచినది అరువది ఎకరములకు పైచిలుకు మాత్రమే. సర్వము దక్కదని వారు చేతులు ముడుచుకొని కూర్చుండినచో ఆ యరువదియు దక్కకుండెడివి. కోరా ఇతరుల సొత్తుకై వాదులాడలేదు. తన వంతు తాను ముందిచ్చెను. ఇచ్చినవారి మాటకు బలము హెచ్చు.

ఈ కథ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి అన్నగారికి జాబు వ్రాసితిని: "అన్నయ్యా, నీ భాగమును నీవు విక్రయించుకొనుము, నేనడ్డుపడను. బావియు దాని చుట్టునున్న చెట్లును గల ముక్కను మాత్రము నా వంతున నుంచుము. దానిని ఊరి పిల్లలు ఆడుకొను తోటగా పంచాయతీకి దానమిచ్చెదను."

"మన అమ్మాయికేమి మిగులును?" అని మావారడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. పిల్ల నోటికూడు తీసి ధర్మము చేయుమని ఏ శాస్త్రమును చెప్పదు. కాని మా సంసారము ఆయన జీతముతో గడచుచున్నది; ఆ తోట సొమ్ముపై మేమెన్నడును ఆశపెట్టుకొనలేదు. అమ్మాయిని పిలిచి అడుగగా, "ఆ చెట్టెక్కుటకు నన్ను రానిత్తురా?" అని మాత్రము అడిగినది.

సోదరీ! మీలో ఎవరికైనను ఇట్టి సంకల్పము కలిగినచో ఒక్క సంగతి మరువకుడు. భూదానము నోటిమాటతో చెల్లదు. ఇద్దరు సాక్షుల చేవ్రాళ్లతో దానపత్రము వ్రాయించి రిజిస్టరు చేయింపవలెను. ఆ స్థలము దేనికి ఉపయోగింపవలెనో, చెట్లను కొట్టరాదో, బావిని పూడ్చరాదో అందే స్పష్టముగా వ్రాయింపవలెను. పంపకములు ముగియకముందే ఇంటివారితో మాటలాడుకొనుట మేలు. గొడ్డలి పడిన పిమ్మట చెప్పు మాట చెట్టునకు వినబడదు.

అన్నగారి ప్రత్యుత్తరమింకను రాలేదు. వచ్చిన నాడు, అది యెట్టిదైనను, మీకు తెలియజేసెదను.