వకీలును నిలదీసే హక్కు మీకెవరిచ్చారు?

అచ్యుతాపురం సెజ్ వచ్చాక, నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశాక, అనకాపల్లి జిల్లాలో గట్టు తగాదా కూడా లక్షల వ్యవహారమైంది. భూమి ధర పెరిగిన చోట వకీలు ఫోనుకు తీరిక ఉండదు. కేసుతో సంబంధం లేని బ్రోకరు, కొనబోయే ఆసామి, అప్పిచ్చిన వడ్డీ వ్యాపారి, ఆఖరికి కక్షిదారు బావమరిది కూడా ఆరా తీస్తారు. పార్టీ ఎంతకు దిగుతాడు? రాజీకి వస్తాడా? కాగితాలు గట్టివేనా? చెప్పకపోతే ఏదో దాస్తున్నాడని ప్రచారం.

వకీలు చెప్పాల్సిన పని లేదు. చెప్పకూడదు కూడా. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 126వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 132గా అమలవుతోంది. కక్షిదారు సమ్మతి లేనిదే అతని మాటనూ, పత్రంలోని విషయాన్నీ, తానిచ్చిన సలహానూ వకీలు బయటపెట్టరాదు. కేసు ముగిసినా ఈ కట్టుబాటు పోదు. గుమస్తాకూ ఇదే వర్తిస్తుంది. ఎకరాకు ఎంతిస్తే ఒప్పుకుంటానో రైతు తన ప్లీడరుకు చెప్పిన అంకె బ్రోకరు చెవిన పడితే, ఆ రైతు బేరం ఆ రోజే ఓడిపోయినట్టు.

నిజంగా తెలుసుకోవాల్సిన అవసరం ఉన్నవారికి దారులున్నాయి. కేసు ఏ దశలో ఉందో ఈకోర్ట్స్‌లో కనిపిస్తుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, మీభూమిలో అడంగల్, 1బీ దొరుకుతాయి. కోర్టు అనుమతిస్తే కక్షిదారు కానివారూ నకళ్లు తీసుకోవచ్చు. ఇవన్నీ వదిలేసి వకీలు మీద పడటం దౌర్జన్యం.

బయటివాళ్ల ఆరా ఒక ఎత్తు. అధికారం చేతిలో ఉన్నవారు అడగడం మరో ఎత్తు. కంపెనీ షేర్ల విషయంలో న్యాయ సలహా ఇచ్చిన పాపానికి 2025 జూన్‌లో సీనియర్ న్యాయవాదులు అరవింద్ దాతార్, ప్రతాప్ వేణుగోపాల్‌లకు ఈడీ సమన్లు పంపింది. బార్ భగ్గుమన్నాక వెనక్కి తీసుకుంది. అహ్మదాబాద్‌లో ఒక న్యాయవాదికి పోలీసులిచ్చిన నోటీసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దాతార్ వంటివారి వెనుక దేశంలోని బార్ అంతా నిలబడింది. మండల స్థాయి కేసులు చూసుకునే జూనియర్ వెనుక ఎవరు నిలబడతారు?

ఈ దుర్మార్గం మన తెలుగునేలకూ కొత్త కాదు. హైదరాబాద్‌లో బ్యాంకు ప్యానెల్ న్యాయవాది కె. నారాయణరావును, రుణాలకు ఇచ్చిన లీగల్ ఒపీనియన్‌ను పట్టుకుని సీబీఐ నిందితుణ్ని చేసింది. కుట్రలో భాగమైన రుజువు లేకుండా, అభిప్రాయం తప్పయినంత మాత్రాన నేరం మోపలేరని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం దొంగలకు గొడుగు పట్టడం లేదు. ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించమని కక్షిదారు చెబితే అది రహస్యం. ఫోర్జరీ దస్తావేజుతో ఆస్తి కొట్టేయాలి, దావా వేయమంటే అది రహస్యం కాదు. ఈ గీత సెక్షన్‌లోనే ఉంది. దర్యాప్తు అధికారులకు కావలసింది ఇది కాదు. సాక్ష్యం వెతికే శ్రమ తప్పించుకునే దగ్గరిదారి వారికి కావాలి.

2025 అక్టోబరు 31న అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయ్ నేతృత్వంలోని ధర్మాసనం ఆ దారికి అడ్డుకట్ట వేసింది. 132లోని మినహాయింపు కిందికి వస్తే తప్ప వకీలుకు సమన్లు ఇవ్వరాదు. అప్పుడైనా ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వక ఆమోదం కావాలి. తీర్పు మంచిదే, చాలదు. పోలీసు దూకుడుకు పోలీసు అధికారినే కాపలా పెట్టింది. మేజిస్ట్రేటు అనుమతి కావాలని ఉంటే కక్షిదారుకు నిజమైన రక్షణ దొరికేది. కాగితం మీద వచ్చిన సమన్లనైతే కోర్టులో సవాలు చేయవచ్చు. ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్లండి అన్న ఫోను పిలుపును ఏ కోర్టులో సవాలు చేస్తారు?

టీ కొట్టు దగ్గర కక్షిదారు గుట్టు విప్పే వకీళ్లదీ తక్కువ తప్పు కాదు. వారిపై న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చని కక్షిదారులకు తెలియాలి. ఇక జిల్లా ఎస్పీ అక్టోబరు తీర్పు ప్రతిని ప్రతి స్టేషన్‌కూ పంపి, నోటిమాటతో ఏ న్యాయవాదినీ పిలవరాదని ఉత్తర్వు ఇవ్వాలి. ఉత్తర్వు దాటిన ప్రతి పిలుపునూ బార్ అసోసియేషన్ తేదీ, అధికారి పేరుతో సహా నమోదు చేసి హైకోర్టు ముందుంచాలి.