బడి ఊరిది, పెత్తనం ఎవరిది?

నల్లగొండ జిల్లాలో 315 సర్కారు బడులలో ఒక్క పిల్లవాడు కూడా లేడు. ఇది ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. 2024-25 విద్యా సంవత్సరానికి కేంద్ర విద్యాశాఖ సేకరించి, 2025 డిసెంబరులో పార్లమెంటు ముందు ఉంచిన లెక్క. పిల్లలు లేని ప్రభుత్వ పాఠశాలలు దేశం మొత్తం మీద 5,149 ఉంటే, అందులో 2,081 తెలంగాణలోనివే. రాష్ట్రంలో మరే జిల్లాలోనూ నల్లగొండలో ఉన్నన్ని లేవు. పంచి చూస్తే మండలానికి తొమ్మిదికి పైగా పడతాయి.

ఇవన్నీ కూలిపోయిన కొంపలని అనుకోవడానికి లేదు. బోర్డు ఉంది, గదులు ఉన్నాయి, వంట షెడ్డు ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడు పోలింగ్ కేంద్రంగా పనికి వస్తున్నాయి కూడా. లేనిది పిల్లలే.

తప్పు ఎవరిదంటే ఠక్కున వచ్చే జవాబు, తల్లిదండ్రుల ఇంగ్లీషు మోజు. తెల్లవారేసరికి ఊరి మొగదల ప్రైవేటు బడి వ్యాను వచ్చి నిలుస్తుంది, ఇస్త్రీ చొక్కాలు, టైలు కట్టుకున్న పిల్లలు ఎక్కి మండల కేంద్రానికి పోతారు, పత్తి అమ్మిన డబ్బులలో ముందుగా పోయేది ఫీజే. ఇదంతా నిజమే. కానీ 2022-23 నుంచి సర్కారు బడులలోనూ ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం పెట్టారు. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు అచ్చువేసిన పుస్తకాలు ఉచితంగా ఇచ్చారు. మధ్యాహ్న భోజనం ఉంది, గుడ్డు ఉంది, బట్టలు ఉన్నాయి. మోజు ఒక్కటే కారణమైతే ఇన్ని పెట్టిన తర్వాత బడులు కొంతైనా నిండాలి కదా!

తల్లిదండ్రులు చూసేది మీడియం కన్నా ముందు మరొకటి ఉంది. సారు ఎందరు? ఒకటి నుంచి ఐదు దాకా ఐదు తరగతులకు ఒకే సారు ఉన్న బడిలో ఆ సారు ఎంత మంచివాడైనా ఏం చేయగలడు? ఒక తరగతికి లెక్క చెబుతుంటే నాలుగు తరగతులు ఊరికే కూర్చోవాలి. ఆయన మండలంలో మీటింగుకు పోయిన రోజు, సెలవు పెట్టిన రోజు బడికి తాళమే. విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009లోనే చెప్పింది. అంటే ఇరవై మంది ఉన్నా ఇద్దరు ఉండాలి. జరిగేది మాత్రం వేరు. పిల్లలు తగ్గారని ఒక సారును పక్క ఊరికి సర్దుతారు. సారు లేడని ఇంకో పది మంది పిల్లలు వ్యాను ఎక్కుతారు. మరుసటి ఏడు మిగిలిన సారును కూడా సర్దుతారు. అప్పుడు పట్టికలో సున్నా పడుతుంది. సున్నా పడింది కనుక ఆ ఊరికి బడి అక్కరలేదని తేలుతుంది!

షాద్‌నగర్ మాట

ఈ పరిస్థితికి బాధ్యులు ఎవరని అడిగితే జవాబు చెప్పే మనిషి దొరకడు. అసలు సంగతి ఇదే.

1959 అక్టోబరులో ప్రధాని నెహ్రూ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌కు వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. ఊరి పనులు ఊరివాళ్లే చూసుకోవాలన్నది ఆనాటి మాట. ఆ ఏర్పాటులోనే ప్రాథమిక పాఠశాలలు సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. 1980ల నడిమిలో సమితులు పోయి మండలాలు వచ్చాయి. నేటికీ బోర్డుల మీద 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల', 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అనే ఉంటుంది. బోర్డు చూసి పరిషత్తుదే పెత్తనమని నమ్మితే పొరపాటు.

సారును నియమించేది, బదిలీ చేసేది ప్రభుత్వం. జీతం ఇచ్చేది ఖజానా. గది కట్టించేది ఏ పథకం ఉంటే ఆ పథకం ఇంజనీర్లు. వంట చేసేది మహిళా సంఘం, సరుకులు అరువు తెచ్చి బిల్లు కోసం ఎదురు చూసేదీ వాళ్లే. 2020లో బడులలో ఊడ్చే పనివాళ్లను తీసేసి ఆ పని పంచాయతీల మీద పెట్టారు. పంచాయతీకి ఊరి మోరీలు తీయడానికే మనుషులు చాలరు. చివరకు 2024లో పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుంచి 20 వేల రూపాయల దాకా పారిశుధ్యానికి బడికే ఇచ్చే ఏర్పాటు చేశారు. ఈ నాలుగేళ్లలో మరుగుదొడ్లు ఎవరు కడిగారో ప్రధానోపాధ్యాయులను అడిగితే తెలుస్తుంది.

జిల్లా పరిషత్తులో విద్య, వైద్యం చూసే స్థాయీ సంఘం ఒకటి ఉంటుంది. దాని సమావేశాలు చాయ్ బిస్కట్లతో ముగిసేవని వినికిడి. 2024 జులైలో జడ్పీ, మండల సభ్యుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చాక ఆ చాయ్ కూడా లేకుండా పోయింది.

బడిని కనిపెట్టుకుని ఉండవలసిన మండల విద్యాధికారి సంగతి మరీ విచిత్రం. ప్రభుత్వ ఉపాధ్యాయులకు, పంచాయతీరాజ్ ఉపాధ్యాయులకు ఉమ్మడి సర్వీసు నిబంధనల తగాదా దశాబ్దాల తరబడి సాగింది. 2017లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, 2018లో హైకోర్టు దానిని కొట్టివేసింది. ఈ కోర్టుల నడుమ పోస్టులు భర్తీ కాక, అనేక మండలాలు ఏళ్ల తరబడి ఇన్‌చార్జీల మీదనే నడిచాయి. ఒక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయునికే మండలం మొత్తం అప్పగిస్తే ఆయన తన బడిని చూసుకోవాలా, మిగతా బడులకు తిరగాలా? రెండూ కావు, కాగితాలు పంపడమే ఆయనకు పని అవుతుంది.

ఇక కమిటీలు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. బడికి ఏం కావాలో వారే రాయాలి, వచ్చిన పైసా వారే చూసుకోవాలి. 2024లో బడి మరమ్మతులు, పనుల కోసం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు వీటికి పెద్ద. ఆడవాళ్ల చేతికి బడి పనులు రావడం మంచిదే. అయితే చట్టం చెప్పిన తల్లిదండ్రుల కమిటీ ఏమైనట్టు? ఒక బడికి రెండు కమిటీలు ఉంటే ఒకరి మీద ఒకరు చెప్పుకోవడానికి వీలు దొరుకుతుంది, అంతే.

28 లక్షలు, 200 కోట్లు

2022 మార్చి 8న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వనపర్తిలో 'మన ఊరు - మన బడి' ప్రారంభించారు. మూడు విడతలలో 26,065 బడులకు 7,289 కోట్ల రూపాయలు ఖర్చు చేస్తామన్నారు. అంటే సగటున బడికి దాదాపు 28 లక్షలు. మొదటి విడతలో 9,123 బడులు తీసుకున్నారు. కొన్ని చోట్ల పనులు బాగా జరిగాయి, కొన్ని చోట్ల బిల్లులు రాక నడుమ ఆగాయి. 2023 చివర ప్రభుత్వం మారింది, పథకం పేరూ మారింది.

2024 అక్టోబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కొందుర్గులో యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు శంకుస్థాపన చేశారు. కొందుర్గు షాద్‌నగర్‌కు దగ్గరే. నెహ్రూ వచ్చిన 65 ఏళ్లకు అదే మాసంలో, అదే గడ్డ మీద మరో ప్రారంభం! 2025లో ఇలాంటి 58 బడులకు 11,600 కోట్లు అని ప్రభుత్వం ప్రకటించింది. ఒక్కొక్కదానికి 200 కోట్లు. 'మన ఊరు - మన బడి' లెక్కన చూస్తే ఇది 700 ఊరి బడుల వాటా.

గురుకులాలు వద్దని ఎవరూ అనరు, నల్లగొండ వాళ్లు అసలే అనరు. 1971లో రాష్ట్రంలోనే మొదటి గురుకుల పాఠశాల వెలసింది పాత నల్లగొండ జిల్లాలోని సర్వేలులోనే. అక్కడ చదివిన పేదింటి పిల్లలు ఎంతెంత పదవులకు ఎదిగారో ఈ ప్రాంతానికి తెలుసు. కొత్త గురుకులంలో ఒక్కొక్క చోట 2,560 మంది ఉంటారని చెబుతున్నారు, తిండీ, పడకా అక్కడే కనుక ఖర్చు ఎక్కువే అవుతుంది. కానీ గురుకులంలో చేరేది ఐదో తరగతిలో. ఒకటి నుంచి నాలుగు దాకా ఆ పిల్ల ఎక్కడ చదవాలి? ఊరి బడిలోనే కదా! అక్కడ అక్షరం రాకపోతే ప్రవేశ పరీక్ష ఎట్లా రాస్తుంది? వెయ్యికి పైగా గురుకులాలు పెట్టిన రాష్ట్రం వాటికి పిల్లలను తయారుచేసి పంపే ప్రాథమిక బడికి మాత్రం రెండో సారును ఇవ్వలేకపోతున్నది.

ఊరి బడి చేతికి నేరుగా వచ్చే సొమ్ము సమగ్ర శిక్ష గ్రాంటు. పిల్లలు ముప్పై లోపు ఉంటే ఏడాదికి 10 వేలు, వంద లోపు ఉంటే 25 వేలు. సుద్దముక్కలు, చీపుర్లు, రిజిస్టర్లు, చిన్న మరమ్మతులు అన్నీ ఇందులోనే, ఇదీ విడతలుగా వస్తుంది. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం బడులకు కరెంటు ఉచితం అన్నది కాబట్టి ఆ భారం ఒక్కటి దిగింది. రాష్ట్ర బడ్జెట్‌లో విద్యకు 2024-25లో 2,91,159 కోట్లకు 21,292 కోట్లు, 2025-26లో 3,04,965 కోట్లకు 23,108 కోట్లు కేటాయించారు. రెండేళ్లూ నూటికి ఎనిమిది దాటలేదు. 2023 ఎన్నికలలో ఇస్తామన్నది పదిహేను.

చదువు మాట

ఏటా పదో తరగతి ఫలితాలు వస్తాయి, జిల్లాల మధ్య పోటీ మొదలవుతుంది. 2025లో రాష్ట్రంలో 92.78 శాతం పాసయ్యారు. మంచిదే. కానీ అదే రాష్ట్రంలో 2022లో 'అసర్' సర్వే గ్రామాలలో మూడో తరగతి పిల్లల చేత రెండో తరగతి పాఠం చదివిస్తే, చదవగలిగినవారు నూటికి 5.2 మందే. కరోనా వల్ల బడులు మూతపడడం ఒక కారణం. అయితే కరోనాకు ముందు, 2018లో కూడా ఆ సంఖ్య 18.1 మాత్రమే. పునాది ఇట్లా ఉంటే పైన పాసు శాతాన్ని చూసి ఎవరు మురవాలి? మూడో తరగతి ఫలితాల కోసం ఏ కలెక్టరూ సమీక్ష పెట్టినట్టు పేపర్లో కనిపించదు.

పాలమూరులో ఇది మరీ బాధాకరం. 2011 జనాభా లెక్కలలో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం, ఆడవాళ్లలో 44.72. నల్లగొండ 64.20 శాతంతో కొంత నయం. తర్వాత విడిపోయిన గద్వాల జిల్లాను వేరుగా లెక్కిస్తే సగం మందికి కూడా చదువు రాదు. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు నుంచి బొంబాయికి, పుణెకు వలసపోయే కుటుంబాలు పిల్లలను వెంట తీసుకుపోవాలా, ముసలమ్మ దగ్గర విడిచిపోవాలా అన్నది బడి మీదనే ఆధారపడి ఉంటుంది. గద్వాల, అయిజ వైపు సీడ్ పత్తి చేలలో క్రాసింగు పనికి పిల్లలు, అందునా ఆడపిల్లలు పోవడం దశాబ్దాలుగా అందరికీ తెలిసిన విషయమే. దేవరకొండ, అచ్చంపేట తండాలలో కొడుకును వ్యాను ఎక్కించి బిడ్డను సర్కారు బడికి పంపే ఇళ్లు ఎన్నో. అట్లాంటి చోట బడి మూతపడితే కొడుకు వ్యాను ఆగదు. ఆగేది బిడ్డ చదువే.

ఈ జిల్లాల నుంచి అమెరికా పోయి స్థిరపడినవారు ఉన్నారు. వారి పిల్లలలో చాలామంది అక్కడ చదివేది సర్కారు బడులలోనే. ఆ దేశంలో చాలా చోట్ల బడుల కోసం ప్రత్యేకంగా ఒక బోర్డు ఉంటుంది, దాన్ని స్థానికులే ఓటు వేసి ఎన్నుకుంటారు. ఇంటి పన్నులో కొంత బడికి పోతుంది, బడ్జెట్‌ను బహిరంగ సభలో పెట్టి అడిగిన వారికల్లా జవాబు చెప్పాలి. ధనికుల పేటకు మంచి బడి, పేదల పేటకు చెడ్డ బడి అనే లోపం అందులోనూ ఉంది. కనుక పైసలు రాష్ట్రమే ఇవ్వాలి. జవాబు మాత్రం ఊరికి చెప్పాలి. అంత దూరం దేనికి, కేరళలో 1990ల నడిమిలోనే బడులను పంచాయతీలకు అప్పగించి, ప్రణాళిక నిధులలో పెద్ద వాటా కూడా ఇచ్చారు.

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్న ఊర్లకు ఇప్పుడు అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. బడికి వచ్చిన గ్రాంటు ఎంత, ఖర్చు ఎంత, సార్ల పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎందరు, ఎవరిని ఎక్కడికి సర్దారు, ఈ ఐదు మాటలు బడి గోడ మీద రాయించడానికి కొత్త చట్టం అక్కరలేదు, ఒక డబ్బా పెయింటు చాలు. గ్రామసభలో తీర్మానం కానిదే ఏ సారునూ ఊరు దాటించకూడదని జిల్లా అధికారులు ఒక నియమం పెట్టుకోవచ్చు. నిజంగానే పిల్లలు పదిమందికి మించని చోట రెండు మూడు ఊర్ల బడులను కలపవలసి రావచ్చు. అప్పుడు ముందుగా ఆటోనో, వ్యానునో ఏర్పాటు చేసి, ఆ తర్వాత కలపాలి. రవాణా భత్యానికి సమగ్ర శిక్షలో వీలు ఉంది. కలిపిన బడిలో తరగతికి ఒక సారు ఉంటే తల్లిదండ్రులే ముందుకు వస్తారు. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ప్రకటించారు, అక్టోబరులో పదివేల మందికి పైగా కొత్త సార్లకు నియామక పత్రాలు ఇచ్చారు. వారిలో ఎందరు ఊరి ప్రాథమిక బడులకు వచ్చారో, ఎందరిని రోడ్డు పక్క బడులకు సర్దారో మండలాల వారీగా ప్రకటించడం అధికారులకు కష్టమైన పని కాదు.

జూన్‌లో బడులు తెరిచేటప్పుడు బడిబాట పేరిట సార్లు ఇల్లిల్లూ తిరిగి పిల్లలను చేర్చమని అడుగుతారు. ఆలోగా ఆ 315 బడుల జాబితాను ఆయా గ్రామసభలలో చదివి వినిపించాలి. చదివిన ప్రతి ఊరిలోనూ తల్లులు అడగబోయే మొదటి ప్రశ్న ఒకటే: ఈసారి ఎందరు సార్లను ఇస్తారు?